మజిల్ లోడర్‌కి మందు మోతాదులు ముందే కొలిచి తీసుకెళ్లడం: ట్యూబులు, పొట్లాలు, చెమ్మ

పాలకొండ_మెట్ట
అందరికీ నమస్కారం. తుపాకి ఒంటిగొట్టం టోపీది, మూతిలోంచి మందు దట్టించే మజిల్ లోడర్, 12 బోరు, లోపల నున్నటి గొట్టం, పొడవు 30 అంగుళాలు, ప్రూఫ్ ముద్ర ఉంది. లైసెన్సు పంటరక్షణ కింద. తుపాకి మందు లైసెన్సున్న డీలరు దగ్గర కొన్నదే, పలుకు సైజు 2ఎఫ్. ప్రస్తుతం మందు సీసా మూతికి ఉన్న కొలత మొనతో తిన్నగా తుపాకిలోకే పోస్తున్నాను. ఒక్కో దెబ్బకి సరిపడా మందు ఇంట్లోనే కొలిచి విడివిడిగా తీసుకెళ్లాలంటే వేటిలో పోయాలి, ఎంతెంత పోయాలి, నింపాక ఎన్నాళ్లు ఉంచొచ్చు? మన వైపు వానాకాలం చెమ్మ సంగతి తెలిసిందే కదా, అది కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.

టెక్కలి_గురి
సీసా నుంచి తిన్నగా గొట్టంలోకి పోయడం ఈ రోజే ఆపేయండి. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

కారణం ఇది. నల్లమందు, అంటే మనం పోసే పాతరకం తుపాకి మందు, కాలాక గొట్టంలో మసి, తడి బంక మిగులుతాయి. గుడ్డ పీలిక ముక్కో, అట్ట బిళ్ల అంచో, కొబ్బరి పీచో రాజుకుని అడుగున నిప్పు కణికలా ఉండిపోవచ్చు. దాని మీద 70 గ్రెయిన్ల మందు పడి అంటుకుంటే మంట మూతిలోంచి పైకి తన్నుతుంది. వేళ్లు కాలతాయి, అంతవరకే. అదే మంట పావుకిలో మందున్న సీసా మొనలోంచి లోపలికి పోతే చేతిలో ఉన్నది సీసా కాదు, బాంబు. ముందే కొలిచిన మోతాదు వాడడానికి మొదటి కారణం ఇదే. వేగం, సౌకర్యం ఆ తర్వాత.

అంతర్జాతీయ మజిల్ లోడర్ పోటీలు నడిపే ఎంఎల్ఏఐసీ నిబంధనల్లో కూడా సీసా నుంచి నేరుగా పోయడం నిషేధం. ఒక్కో దెబ్బకి ఒక్కో డబ్బీలో కొలిచిన మందే ఫైరింగ్ లైను మీదకి రావాలి. పెద్ద డబ్బా వెనక ఉండాలి, మూత బిగించి.

మీ 12 బోరుకి 70 గ్రెయిన్ల 2ఎఫ్‌తో మొదలుపెట్టండి. పాత లెక్కలో రెండున్నర డ్రాములకి కాస్త ఎక్కువ. సీసం గుళ్ళు అదే కొలతపాత్రతో అంతే ఘనపరిమాణం, సుమారు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు వస్తాయి. నున్నటి గొట్టానికి మందు, గుళ్ళు సమాన కొలత అన్నది పాతకాలం నుంచి నిలబడ్డ లెక్క. మందు పెంచి గుళ్ళు తగ్గిస్తే గుళ్ళు చెదిరి మధ్యలో ఖాళీ పడుతుంది. తుపాకి తయారీదారు ఇచ్చిన గరిష్ఠం ఇంతకన్నా తక్కువైతే అదే మీ హద్దు.

బొబ్బిలి_కోట
టెక్కలి గారు చెప్పిన 70 గ్రెయిన్లు ఘనపరిమాణం లెక్కా, తూకం లెక్కా అన్నది విడమరచాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. గ్రాముకి 15.43 గ్రెయిన్లు. 70 గ్రెయిన్లు తూకంలో 4.54 గ్రాములు. నల్లమందుకి ఒక మిల్లీలీటరు దాదాపు 15 గ్రెయిన్లు తూగుతుంది కాబట్టి కొలతపాత్ర గీత, తూకం ఇంచుమించు ఒకటే అవుతాయి. 60 గ్రెయిన్లకి 4 మి.లీ., 70కి నాలుగున్నర మి.లీ. కాస్త దాటి.

నల్లమందుకి బదులు వాడే పైరోడెక్స్ లాంటివాటికి ఈ లెక్క చెల్లదు. అవి తేలిక. కొలతపాత్రలో 100 గీత దాకా పోస్తే తూకం 70 దగ్గరే ఉంటుంది. త్రాసు మీద 60 గ్రెయిన్లు తూచి పోస్తే అసలు పడింది 85 గీత మందు. అందుకే వాటిని ఎప్పుడూ కొలతపాత్రతోనే. అలాంటిదే ఇంకో మందు ట్రిపుల్ సెవెన్, దాని బలం ఇంకా ఎక్కువ, కొలత 15 శాతం తగ్గించాలి. ఆధునిక తూటాల్లోని పొగలేని మందు మజిల్ లోడర్‌లో చిటికెడు కూడా పడకూడదు. ఆ ఒత్తిడికి గొట్టం చీలిపోతుంది.

ఇక ట్యూబుల విషయం. మన ఊళ్లలో సులువుగా దొరికేవి హోమియో గుళికల ప్లాస్టిక్ ట్యూబులు. వాటిని కూడా డ్రాముల్లోనే అమ్ముతారు. అది ద్రవం డ్రాము, అంటే సుమారు 3.7 మి.లీ. మందు డ్రాము తూకం డ్రాము, అంటే 27.3 గ్రెయిన్లు. కాబట్టి రెండు డ్రాముల ట్యూబు నిండా పోస్తే రెండు డ్రాముల మందు కాదు, నాలుగు డ్రాములు పైబడి, దగ్గరదగ్గర 111 గ్రెయిన్లు. పేరు ఒకటే గదా అని ట్యూబునే కొలతగా వాడితే మోతాదు రెట్టింపైపోతుంది. ట్యూబు మందు మోసుకెళ్లడానికే. కొలవడానికి కొలతపాత్రే.

పాలకొండ_మెట్ట
మంచి మాట చెప్పారు మాస్టారూ. ఆ ట్యూబులే కొందామనుకుంటున్నాను. అయితే ఏ సైజు తీసుకోవాలి?

బొబ్బిలి_కోట
70 గ్రెయిన్లకి 5 మి.లీ. మరమూత ట్యూబు. నింపాక పైన కొద్దిపాటి ఖాళీయే మిగలాలి. 10, 15 మి.లీ. ట్యూబులో మూడో వంతు పోసి బైకు మీద వీరఘట్టం దాకా వెళ్తే దారంతా పలుకులు ఒకదానికొకటి రాసుకుని పొడి అవుతాయి. పొడి బేగి కాలుతుంది, మోతాదు ఒకటే అయినా దెబ్బ మారుతుంది.

ప్రయాణం తర్వాత ట్యూబులో మందు మట్టం రెండు మూడు మిల్లీమీటర్లు దిగినట్టు కనిపిస్తుంది. మందు కారిపోలేదు, సర్దుకుంది. మూత మరలో నల్లటి దుమ్ము కనిపిస్తేనే కారిందని. మట్టం దిగింది కదా అని పైన మళ్లీ పోయొద్దు.

చీపురుపల్లి_రేంజి
కొలిచే పద్ధతి ఎవరూ చెప్పలేదు, అది చెబుతాను. ఇత్తడి కొలతపాత్రని గీత దగ్గర బిగించాలి. మందు అంచు పొంగేదాకా పోయాలి. పక్కన వేలితో పదిసార్లు తట్టాలి. దిగినంత మళ్లీ పోసి, చదునైన కర్రపుల్లతో అంచు వెంబడి గీసేయాలి. తట్టడం ఒకసారి మూడు, ఒకసారి పది అయితే 70 గీత మీద మూడు నాలుగు గ్రెయిన్ల తేడా వస్తుంది. ఎన్నిసార్లు తట్టారన్నదానికన్నా ప్రతిసారీ అన్నేసార్లు తట్టారా అన్నదే ముఖ్యం.

మొదటి పది మోతాదులు బంగారం తూచే చిన్న త్రాసు మీద వేసి చూడండి. 0.01 గ్రాము చూపించేది చాలు, అది 0.15 గ్రెయిను. పదింటిలో హెచ్చుకీ తగ్గుకీ తేడా 0.06 గ్రాము లోపు ఉంటే మీ చెయ్యి కుదిరినట్టే. ఫ్యాను ఆపి తూచండి, గాలికి అంకె ఊగుతుంది. కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఒకే ఎఫ్ అయినా డబ్బాకీ డబ్బాకీ పలుకు సాంద్రత కాస్త మారుతుంది.

ఇక అసలు సంగతి. ట్యూబులో ఉన్నది మందు మాత్రమే కాదు, లెక్క కూడా. తుపాకి గొట్టం లోపల ఏముందో కంటికి కనపడదు. మందు పోశామా లేదా, రెండుసార్లు పోశామా అన్నదానికి బయట సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యం ఖాళీ ట్యూబు. అందుకని:

చెక్కదిమ్మెకి వరసగా రంధ్రాలు వేయించి ట్యూబులు నిలబెట్టండి. నిండువి మూత పైకి. మందు పోసిన మరుక్షణం ఖాళీ ట్యూబుని తలకిందులుగా అదే రంధ్రంలో పెట్టాలి. జేబులో కాదు, నేల మీద కాదు. ఎవరైనా పలకరించి, ఎక్కడ ఆగామో మరచిపోతే దిమ్మె వైపు చూస్తే చాలు. తలకిందులుగా ఉన్న ట్యూబులు నాలుగు, పేలిన దెబ్బలు మూడు అంటే ఒక మోతాదు లోపల ఉంది.

దిమ్మెతో పాటు గజానికి, అంటే మందు దట్టించే కడ్డీకి, రెండు గుర్తులు కావాలి. ఖాళీ గొట్టంలో గజం అడుగు తాకినప్పుడు మూతి దగ్గర ఒక గీత. సరైన మోతాదు దట్టించాక ఇంకో గీత. 12 బోరుకి 70 గ్రెయిన్ల మందు ఎత్తు సుమారు 1.7 సెం.మీ., మందు మీదా గుళ్ళ మీదా వేసే అట్టా ఫెల్టూ కలిపి అంతే, గుళ్ళు అంతే. మొత్తం మీద రెండు గీతల మధ్య దాదాపు 5 సెం.మీ. రెండో గీత మూతికి 1.7 సెం.మీ. పైన ఆగిపోతే రెండు మోతాదులు పడినట్టు, లేదా అట్ట మధ్యలో ఇరుక్కున్నట్టు. ఏదైనా సరే టోపీ పెట్టకూడదు.

ఇరుక్కోవడం కూడా రెట్టింపు మోతాదంత ప్రమాదమే. మందుకీ పైనున్న గుండుకీ మధ్య గాలి జాగా మిగిలితే ఆ చోట గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది, చీలనూ చీలుతుంది. గుండు మందు మీద ఆనేదాకా గజం దిగాలి.

వంశధార_ఒడ్డు
పెద్దలందరూ బాగా చెప్పారు. చెమ్మ గురించి నాను చెప్తాను, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇదే పెద్ద బాధ.

నల్లమందులో సూరేకారం ఉంటాది. అది ఉప్పంత బేగి చెమ్మ పీల్చదు గాని, గాలిలో తేమ బాగా ఉన్న రోజున మూత తీసి ఒగ్గేస్తే పీలుస్తాది. అందుకని డబ్బా తెరవడం, కొలవడం, ట్యూబులు బిగించడం ఒక్క దఫాలో అయిపోవాల. వాన పడతన్నప్పుడు కొలవకండి. ఎండపొద్దున పదకొండు దాటాక, తలుపులు తీసున్న గదిలో, పొయ్యికీ దీపానికీ బీడీకీ దూరంగా. రేపు కావాల్సింది ఈరోజు నింపుకోండి, నెలకి సరిపడా ఒకేసారి నింపకండి. మిగిలినయ్యి ఆ వారంలోనే డబ్బాలోకి తిరిగి పొయ్యండి, అదే డబ్బా, అదే ఎఫ్ అయితేనే.

మూత లోపల రబ్బరు ఉంగరం ఉన్న ట్యూబు ఏరుకోండి. నొక్కుమూత వద్దు. వేడికి వదులై జేబులోనే ఊడిపోద్ది.

ట్యూబు వంచితే మందు ఇసకలాగ జలజలా రాలాల. గడ్డగా జారితే చెమ్మ పట్టినట్టే. అది ఎండబెట్టి వాడొచ్చు గదా అనుకోకండి. తడిసినప్పుడు సూరేకారం కరిగి పలుకు పైకి వచ్చీసి, ఎండాక అక్కడే ఉండిపోద్ది. పలుకు లోపల కలబోత చెదిరిపోద్ది, కాలడం సమంగా ఉండదు. బకెట్టు నీళ్లలో కలిపీసి, నానాక పారబొయ్యండి. కొద్ది మందే గదా అని అగ్గి పెట్టొద్దు.

ఇత్తడి ట్యూబులు వాడేవాళ్లు లోపల పచ్చటి చిలుం చూసుకోండి. ఇనుపవి మాత్రం వద్దు. తుప్పు, రాపిడి నిప్పు రెండూ.

నాగావళి_7
ప్లాస్టిక్ ట్యూబు మీద స్థిర విద్యుత్తు మాటేమిటి? టెరిలిన్ చొక్కాకి రాసుకుంటే చిటపటమంటుంది కదా. ఇత్తడే క్షేమం అనిపిస్తుంది.

బొబ్బిలి_కోట
ప్రశ్న సబబైనదే. కంపెనీ నల్లమందు పలుకులకి గ్రాఫైటు పూత ఉంటుంది. గ్రాఫైటు విద్యుత్తుని పారనిస్తుంది, కాబట్టి చిన్న చిటపట పలుకుల పైపైనే పారిపోతుంది, పలుకుని వేడెక్కించదు. అందుకే పోటీల్లో ప్లాస్టిక్ ట్యూబులు మామూలు. ఇనుము మీద ఇనుము రాపిడి వల్ల వచ్చే నిప్పురవ్వ సంగతి వేరు, అది మండుతున్న లోహపు తునక, పలుకుని అంటిస్తుంది. అందుకే గరాటు, కొలతపాత్ర, గజం మొన ఇత్తడివో రాగివో ఉంటాయి.

అయినా దుమ్ము విషయంలో జాగ్రత్త. ట్యూబు అడుగున మిగిలే సన్నపొడి పలుకు కన్నా సులువుగా అంటుకుంటుంది. నాలుగైదు సార్లు వాడాక ట్యూబులు నీళ్లతో కడిగి, ఒకరోజంతా నీడలో ఆరబెట్టి, మూత లేకుండా దాచండి. పొడిగుడ్డతో గట్టిగా రుద్దొద్దు. గాజు ట్యూబులు మాత్రం వద్దు, పగిలితే పెంకు మందులో కలుస్తుంది.

నాగావళి_7
అర్థమైంది. ఇంకో సందేహం. ట్యూబులు లేకుండా కాగితం పొట్లాలు కట్టుకుంటే తప్పా? పాతకాలం సైన్యాలన్నీ అలాగే చేశాయి కదా.

టెక్కలి_గురి
తప్పు లేదు, కానీ ఏది దేనికో తెలియాలి. యూరప్‌లో 16, 17 శతాబ్దాల్లో భుజాన వేసుకునే పట్టీకి చెక్క డబ్బీలు వేలాడేవి, ఒక్కోదానిలో ఒక్క మోతాదు. తరచూ పన్నెండు ఉండేవి గనుక వాటికి ఏసు పన్నెండుమంది అపొస్తలుల పేరు పడింది. నడుస్తుంటే గలగలమనేవి, చీకట్లో జాడ చెప్పేసేవి, ఒకటి అంటుకుంటే పక్కది కూడా. వాటి స్థానంలో కాగితపు తూటా వచ్చింది. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నాటికి యూరప్ సైన్యాలకి అది మామూలు సరంజామా.

మనందరికీ తెలిసిన పొట్లం 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌ది. .577 బోరు, రెండున్నర డ్రాముల మందు, కింద కొవ్వు పూసిన సీసపు గుండు, అన్నీ ఒకే కాగితపు చుట్టలో. తోక చించి మందు పోసి, చుట్ట తిప్పి, గుండున్న కొవ్వు కొస గొట్టంలో దూర్చి, మిగిలిన కాగితం తుంచేసి దట్టించాలి. చించడం పళ్లతో. ఆ కొవ్వు ఏ జంతువుదన్న దగ్గరే 1857 రగిలింది. ఆ ఏడాదే పళ్లకి బదులు చేత్తో చించేలా కవాతు మార్చారు గాని అప్పటికే నమ్మకం పోయింది.

మీకు కావల్సింది అంత పని కాదు. మందు మాత్రమే ఉండే పొట్లం చాలు. 12 మి.మీ. మందం గుండ్రటి కర్ర తీసుకోండి. పల్చటి, మైనం పూయని కాగితం 12 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు. కర్ర చుట్టూ చుడితే రెండు చుట్లు దాటి వస్తుంది. అంచుకి సన్నగా జిగురు. ఒక కొస నూలు దారంతో బిగించి కట్టి, కర్ర తీసి, కొలతపాత్రతో 70 గ్రెయిన్లు పోయండి. లోపల మందు 4 సెం.మీ. ఎత్తు వస్తుంది. పై కొస రెండుసార్లు మడిచి తోకలా వదలండి. గంజి వాడితే పూర్తిగా ఆరాకే మందు పోయాలి, పచ్చి గంజి చెమ్మంతా మందుకే పోతుంది.

మందు పోశాక కాగితం గొట్టంలోకి తోయకండి. అదే రాజుకుని అడుగున నిప్పుగా మిగిలేది. చిరిగిన పొట్లాలు సంచిలోకి, నేల మీదకి కాదు.

నా ఉద్దేశంలో మన వాతావరణానికి పొట్లం కన్నా ట్యూబే మేలు. ఎండాకాలం రేంజి మీద ఒక్క పూటకి పొట్లం బాగానే పనిచేస్తుంది. జూన్ దాటాక కాదు.

చీపురుపల్లి_రేంజి
ట్యూబుకి ఉన్న ఇంకో లాభం కూడా రాస్తాను. పొట్లం ఖాళీదా నిండుదా అని దూరం నుంచి తెలీదు, పారదర్శకమైన ట్యూబు తెలుస్తుంది. పోటీలో 30 నిమిషాల్లో 13 దెబ్బలు, అందులో మంచివి పది లెక్కకి. ఆ ఒత్తిడిలో దిమ్మె వైపు ఒక్క చూపు చూస్తే ఎన్ని కొట్టామో తెలిసిపోవాలి. 13కి 15 ట్యూబులు నింపండి. అంతకు మించి లైను మీద పెట్టుకోకండి.

సాలూరు_ఘాటు
డీలరు దగ్గర మందు దొరకడం కష్టంగా ఉంది. ఊళ్లో తయారుచేసిన మందు ఉంటే అదే కొలతతో ట్యూబుల్లో పోసుకోవచ్చా? దాని పాళ్లు ఎవరికైనా

నిర్వాహకుడు
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. మందు తయారీ, పాళ్లు ఇక్కడ చర్చించం. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం తయారుచేయడం 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల కింద నేరం. సాలూరు_ఘాటు గారూ, మీరు కొత్తవారు గనుక హెచ్చరిక మాత్రమే.

బొబ్బిలి_కోట
చట్టం సంగతి నిర్వాహకులు చెప్పారు. కొలత సంగతి నేను చెబుతాను. ఈ చర్చలో రాసిన ప్రతి అంకే కంపెనీలో ఒత్తి, విరిచి, జల్లెడ పట్టి, పూత వేసిన పలుకుకి మాత్రమే. ఊరిమందుకి సాంద్రత ఎంతో, పలుకు ఎంతో తెలీదు. ఒక బ్యాచ్‌లో 4.5 మి.లీ. సగం బలం, ఇంకో బ్యాచ్‌లో మరోలా. కొలిచినా కొలవనట్టే. అలాగే ప్రూఫ్ ముద్ర లేని నాటు గొట్టానికి ఏ మోతాదూ సరైన మోతాదు కాదు. దయచేసి వాటి మీద ప్రాణం పెట్టకండి.

పంటరక్షణ లైసెన్సు గురించి కూడా ఒక మాట. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో నిజమైన పంటరక్షణకి మజిల్ లోడర్ ప్రస్తావన ఉంది. అది తుపాకి ఉంచుకోవడానికే. అడవిపందిని కొట్టడానికి అది అనుమతి కాదు, దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి.

నాగావళి_7
పోటీల్లో రివాల్వరు తరగతి గురించి చదువుతుంటే మందు మీద సూజీ రవ్వ పోస్తారని కనిపించింది. అది కూడా అదే ట్యూబులో కలిపి తెచ్చుకోవచ్చా?

చీపురుపల్లి_రేంజి
కలపకూడదు. .44 టోపీ రివాల్వరులో గురికి 20 గ్రెయిన్ల మందు చాలు. కాని అంత తక్కువ మందు మీద గుండు దట్టిస్తే రివాల్వరు చక్రంలోని గది అడుగుకి దిగిపోతుంది, గొట్టం దాకా ఖాళీగా దూకాలి. అందుకని మధ్యలో బొంబాయి రవ్వ 15 నుంచి 20 గ్రెయిన్ల గీత కొలత పోసి గుండుని గది మూతి దగ్గరికి తెస్తారు. రవ్వ కాలదు, పొరలా నిలుస్తుంది.

ఒకే ట్యూబులో కింద మందు, పైన రవ్వ పోసి తీసుకొస్తే దారిలో రెండూ కలిసిపోతాయి. అప్పుడది పొర కాదు, మందులో కల్తీ. ఆరు గదులు ఆరు రకాలుగా పేలతాయి. రవ్వకి వేరే రంగు మూత ట్యూబులు పెట్టుకోండి. రవ్వ దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక నింపితే చెమ్మా పురుగూ ఉండవు. ముందు ఆరు గదుల్లోనూ మందు, తర్వాత ఆరింటిలోనూ రవ్వ అని కాకుండా, ఒక్కో గదికీ మందు, రవ్వ, గుండు పూర్తిచేసి తిప్పడం మంచిది. మందు పడిందో లేదో రవ్వ కప్పేస్తుంది, తర్వాత కనిపెట్టలేం.

వంశధార_ఒడ్డు
మందు పొయ్యకుండా గుండు దట్టించీసినోళ్లు ఏటి సెయ్యాలో కూడా ఎవరైనా రాయండి. ట్యూబులున్నా అప్పుడప్పుడు జరుగుతాది.

టెక్కలి_గురి
జరుగుతుంది. టోపీ పేలి తుపాకి పేలకపోతే మూతి గురి వైపే ఉంచి కనీసం 60 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలొచ్చు. తర్వాత కొత్త టోపీ. అప్పటికీ పేలకపోతే దిమ్మె చూడండి. దెబ్బలకన్నా తలకిందుల ట్యూబు ఒకటి ఎక్కువ ఉంటే మందు లోపల ఉంది, దోషం నిపిల్, అంటే టోపీ తొడిగే బుడిపె, రంధ్రంలో. సన్నటి ఇత్తడి తీగతో పొడిచి శుభ్రం చేసి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఎక్కువ లేకపోతే మందు లేదు.

మందు లేకపోతే నిపిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి సన్నపలుకు మందు చిటికెడు చిటికెడుగా పట్టినంత లోపలికి పంపాలి. నిపిల్ బిగించాక గజంతో గుండు మళ్లీ కిందికి నొక్కి, మందు మీద ఆనిందని చూసుకోవాలి. ఆ తర్వాతే టోపీ పెట్టి గురి వైపు పేల్చడం. గుండు కదిలి పైకి వచ్చి ఉంటే గాలి జాగా పడుతుంది, చీపురుపల్లి గారు చెప్పిన ఉబ్బు అక్కడే. చెయ్యి తిరగనివాళ్లు గజానికి బిగించే మరమేకుతో గుండు లాగించడం మేలు. గుళ్ళ తుపాకికి ఈ బెడద లేదు. పై అట్ట మరమేకుతో లాగేసి మూతి వంచితే గుళ్ళు రాలిపోతాయి.

పాలకొండ_మెట్ట
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ కలిపి ఇలా అనుకుంటున్నాను, తప్పులుంటే దిద్దండి. 5 మి.లీ. మరమూత ట్యూబులు పది. చెక్కదిమ్మె. ప్రతి ట్యూబులో 70 గ్రెయిన్లు. గుళ్ళు ఇంకో పది ట్యూబుల్లో. అట్ట బిళ్లలు, నూనె పట్టించిన ఫెల్టులు, టోపీల డబ్బీ, అన్నీ ఒకే రేకు పెట్టెలో. పెట్టె బైకు ట్యాంకు మీద సంచిలో.

చీపురుపల్లి_రేంజి
నాలుగు దిద్దుబాట్లు.

టోపీలు మందుతో ఒకే పెట్టెలో వద్దు. టోపీ దెబ్బకి పేలేదే కదా, రేకు పెట్టె కిందపడితే అదే నిప్పు. టోపీలు వేరే డబ్బీలో, ఒంటి మీద వేరే జేబులో.

నూనె ఫెల్టులు ట్యూబుల పక్కన వదులుగా వేయొద్దు. ఎండకి నూనె కారి మూత మరలోంచి మందుకి తగులుతుంది. నూనె తగిలిన మందు సగం కాలి ఆగిపోతుంది. ఫెల్టులు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేయండి.

గుళ్ళ ట్యూబులు, మందు ట్యూబులు ఒకే రకానివి అయితే మూతల రంగు తేడా ఉండాలి. మందుకి ఎరుపు, గుళ్ళకి తెలుపు. ప్రతి మందు ట్యూబు మీదా కాగితం అంటించి 2ఎఫ్, 70, నింపిన తేదీ రాయండి.

ట్యాంకు మీద సంచి అసలే వద్దు. కింద పెట్రోలు, ఇంజను వేడి, పైన వైశాఖం ఎండ. రేకు పెట్టెకి బదులు చెక్క పెట్టె, వెనక సీటు మీద తాడుతో కట్టి, తడిపి పిండిన గోనె కాదు, పొడి గుడ్డ కప్పి తీసుకెళ్లండి. రైల్లో, ఆర్టీసీ బస్సులో మందు ఎక్కించడానికి వీల్లేదు. లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి, మందు దానిలో రాసిన పరిమితి దాటకూడదు.

వంశధార_ఒడ్డు
ఇంకొకటి. మొదటి దెబ్బకి ముందు ఖాళీ తుపాకి మీద రెండు టోపీలు పేల్చండి, మూతి దగ్గర గడ్డిపరక పెట్టి. పరక కదిలితే దారి తెరుచుకుని ఉన్నట్టు, నిపిల్‌లో నూనె కాలిపోయినట్టు. ఆ తర్వాత మందు. పోసినప్పుడు మొహం మూతి మీదకి వంచకండి, ట్యూబుని రెండేళ్లతో పక్కనుంచి పట్టుకోండి, అరచెయ్యి మూతికి అడ్డం రాకుండా. దెబ్బకీ దెబ్బకీ మధ్య కూసింత తడిపిన పీలిక ఒకటి, పొడిది ఒకటి లోపలికంటా పంపండి. చైత్రం, వైశాఖం పొడిగాలికి మసి గట్టిపడిపోద్ది, అప్పుడు తడి పీలిక తప్పదు. వానాకాలం మసి మెత్తగానే ఉంటాది గాని, నిప్పు ఆర్పడానికి అప్పుడూ తడి పీలిక ఉండాల్సిందే.

పాలకొండ_మెట్ట
చెక్క పెట్టె, రెండు రంగుల మూతలు, టోపీలు వేరు. అలాగే చేస్తాను. పీలిక తడికి మామూలు నీళ్లు చాలా, సబ్బు నీళ్లా?

వంశధార_ఒడ్డు
నీళ్లు చాలు. ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తే మసి బేగి వదులుద్ది. కారేంత తడి వద్దు, పిండి పంపండి. అడుగున నీళ్లు నిలిస్తే తర్వాతి ట్యూబు మందు అక్కడే తడిసిపోద్ది.

చీపురుపల్లి_రేంజి
అవును, అందుకే చివర పొడి పీలిక. అది తడిగా బయటికొస్తే ఇంకొకటి పంపండి. పొడిగా వచ్చాకే ట్యూబు మూత తీయండి.